సంతకం నేర్పిన పాపం

"యువత ముందుకు రావాలి" అని ఎవరైనా మైకు పట్టుకుని అరిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వయసు మీద పడింది, కోపం తగ్గించుకోమని డాక్టరు చెప్పాడు. బీపీ బిళ్లలు వేసుకుంటాను గానీ కోపం తగ్గించుకోను. యువత ముందుకు వస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ యువతలో నేనూ ఉన్నాను, అందరికంటే ముందు వరసలో, జాకెట్టుకు బ్యాడ్జీ గుచ్చుకుని. మేము చేసిన ఘనకార్యానికి మా అమ్మ ఎకరన్నర భూమి పోయింది.

డెబ్భైల చివరి మాట ఇది. నేను నంద్యాలలో డిగ్రీ చదువుతూ ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. మా ఊరు ఆళ్లగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో ఉంది. బస్సు దిగి మైలు దూరం నడవాలి. మా నాయన నంద్యాల పత్తి మిల్లులో పనిచేశాడు. దూది దుమ్ము మింగి మింగి, నేను పదో తరగతిలో ఉండగా ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పోయేముందు ఒక మంచి పని చేశాడు. మిల్లులో కూడబెట్టిన దుడ్లతో ఎకరన్నర నల్లరేగడి కొని అమ్మ పేరున రాయించాడు. తన పేరున ఉంటే తాను పోయాక అన్నదమ్ములు పంచుకుంటారని ఆయన భయం. మా పేటలో సొంత భూమి ఉన్న ఇళ్లే తక్కువ, ఆడమనిషి పేరున భూమి ఉన్నది మా ఇల్లొక్కటే. ఆదివారం చర్చిలో మోకరించినప్పుడు అమ్మ ప్రార్థనలో ముందు ఆ చేను వచ్చేది, తర్వాత నేను వచ్చేదాన్ని. నాకు కాస్త కుళ్లుగా కూడా ఉండేది.

మా గొడవ మొదలైంది పురుగుల అన్నంతో. హాస్టల్లో బియ్యం ముక్కిపోయి పురుగులు పట్టి ఉండేవి. స్కాలర్‌షిప్పేమో పరీక్షలు అయిపోయాక గానీ వచ్చేది కాదు. ఊరికి పోయి రావడానికి బస్సు పాసు లేదు. పదిమందిమి కలిసి అర్జీ రాసుకుని కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే లెక్చరరు దగ్గరికి పోయాం. ఆయన మాట తీపి, ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చునేవాడు. అర్జీ చదివి పక్కన పెట్టి, "ఊరికే ఇవ్వమంటే ఎవరిస్తారమ్మా? ముందు మీరు ప్రజలకు ఏమైనా చేయండి. అప్పుడు మీ మాటకు విలువ ఉంటుంది" అన్నాడు. ఆకలేస్తోందని పోతే వడ్డించే పని అప్పజెప్పాడు. ఆ సంగతి అప్పుడు నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

అలా మా ప్రచారం పుట్టింది. ఆదివారం ఆదివారం నంద్యాల నుంచి ఎర్రబస్సు ఎక్కి, ఒక్కో ఊరికి ఇద్దరం ముగ్గురం పోయి, పల్లె జనానికి డబ్బు సంగతులు చెప్పాలి. పోస్టాఫీసులో పాసుపుస్తకం ఎట్లా తీసుకోవాలి, వడ్డీ ఎట్లా పెరుగుతుంది, కాగితం మీద ఏముందో తెలుసుకోకుండా వేలు పెడితే ఏమవుతుంది, ఇవీ మా పాఠాలు. అబద్ధమెందుకు, మొదటి రెండు నెలలు మేము నిజంగానే మంచి పని చేశాం. మూడు రూపాయల వడ్డీ అంటే మా వైపు అందరికీ తెలుసు, నూటికి నెలకు మూడు. ఏడాదికి ఎంతవుతుందో మాత్రం ఎవరూ కలిపి చూసుకునేవాళ్లు కాదు. మేము నేల మీద వంద చింతపిక్కలు పోసి, ఒక్కో నెల పేరు చెబుతూ ఇంకో గంపలోంచి మూడేసి తీసి పక్కన పెట్టేవాళ్లం. పన్నెండో నెలకు పక్కన లేచిన కుప్పను చూసి ఒక ముసలాయన, "నా ఎద్దుల జత ఈడనే పోయినట్టుండాదే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు బస్సులో తిరిగి వస్తుంటే నాకు గాల్లో తేలినట్టుంది.

ఆ తర్వాత లెక్క వచ్చి పడింది. కర్నూలు నుంచి ఒక పెద్ద అధికారి నంద్యాలకు వస్తున్నాడని, ఆయన ముందు ముగింపు సభ పెట్టాలని లెక్చరరు చెప్పాడు. ఎంతమందికి చదువు నేర్పారని ఆయన అడిగితే చెప్పడానికి అంకె కావాలి. చింతపిక్కలు చూసి నోరెళ్లబెట్టిన ముసలాయన అంకెలోకి రాడు. ఒక్కొక్కరు నలభై మందిని తయారు చేయాలన్నాడు. చదవడం నేర్పాలంటే ఆరు నెలలు పడుతుంది, సభ నెలన్నరలో ఉంది. "సంతకం నేర్పండి చాలు. వేలిముద్ర పోయి సంతకం వస్తే అదే మొదటి మెట్టు" అన్నాడాయన. మెట్టు బాగుంది, దాని పక్కన ఉన్న గొయ్యి ఎవరికీ కనబడలేదు.

ఎవరికీ కనబడలేదంటే అబద్ధమవుతుంది. ఒకడికి కనబడింది. వాడు మా క్లాసువాడే, గోస్పాడు నుంచి వచ్చేవాడు. మాట తక్కువ. ఆ రోజు మాత్రం లేచి నిలబడ్డాడు.

"మా పెదనాయన దస్తావేజులు రాస్తాడు. సెలవుల్లో నేను ఆయన పక్కనే కూసుంటా. వేలు పెట్టేటోళ్లకు కాగితమంతా గట్టిగా చదివి వినిపిస్తారు. ఇద్దరు సాక్షులు వింటారు. 'చదివి వినిపించినాము' అని కింద రాసి, అప్పుడు వేలు పెట్టించుకుంటారు. సంతకం పెట్టేటోళ్లకు ఎవ్వరూ చదవరు. సదువొచ్చినోనికి చదివి వినిపిస్తే వానికి కోపమొస్తాది. మనం సంతకం ఒగటే నేర్పితే, వీళ్లకు చదివే ఆ నోరు గూడా మూసినట్టయితాది."

లెక్చరరు ఏదో అనబోయాడు. ఆయనకంటే ముందు నా నోరు లేచింది. "అయితే ఇంగ మనం వేలు పెట్టేది ఎట్లనో నేర్పుదాంలే. ఎండలో తిరిగే ఓపిక లేదని చెప్పరాదా, ఇన్ని కథలెందుకు?" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. వాడు నావైపు ఒకసారి చూసి, బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ నవ్వు నాకు బహుమానంలా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నా నలభైమందిలో అమ్మ ఒకతె. పొయ్యి పక్కన గోడ మీద బొగ్గుతో రాసి చూపించాను. నాలుగు అక్షరాలు. పత్తి ఏరి వచ్చి, సంగటి కెలికి, ఆ వేళ్లతోనే గోడంతా నింపేది. వారం తిరిగేసరికి వచ్చేసింది. నాకంటే గుండ్రంగా రాసేది. పేటలో ఆడవాళ్లు వచ్చి గోడ చూసి పోయేవాళ్లు. అమ్మ అందరికీ ఒకటే మాట చెప్పేది, "నా బిడ్డ నేర్పింది."

ఒకరోజు ఆళ్లగడ్డ బస్టాండులో నిలబడి ఉన్నాం. ఎదురుగా వచ్చిన బస్సు బోర్డు మీద, అమ్మ పేరులోని మొదటి అక్షరమే పెద్దగా రాసి ఉంది. "అది యాడికి పోయే బస్సుమే" అని అడిగింది.

"నీ పేరులో ఉండే అక్షరమే గదమ్మా, చూడు" అన్నాను.

కళ్లు చికిలించి చాలాసేపు చూసింది. "నా పేరు ఆడెందుకుంటాది" అంది.

అమ్మకు అక్షరాలు రాలేదని, నాలుగు గీతల బొమ్మ ఒకటి వేయడం వచ్చిందని నాకు అక్కడే తెలిసిపోయింది. తెలిసీ నోరు మూసుకున్నాను. సభ పదిరోజుల్లో ఉంది.

సభ బ్రహ్మాండంగా జరిగింది. అమ్మను వేదిక మీదికి పిలిచి నల్లబల్ల మీద సంతకం పెట్టమన్నారు. చీర కొంగు నిండా కప్పుకుని, సుద్దముక్క పట్టుకుని, నాలుగక్షరాలు తడబడకుండా రాసింది. జనం చప్పట్లు కొట్టారు, ఫోటో తీశారు. నాకు ఉత్తమ కార్యకర్త అని స్టీలు గ్లాసు ఇచ్చారు, దాని మీద నా పేరు చెక్కించి. సభకు గుర్తుగా ఒక పుస్తకం అచ్చు వేశారు. అచ్చు ఖర్చులు చందాదారులవి. ఎక్కువ చందా ఇచ్చింది మా ఊరి పెద్ద రైతు, ఊరంతా పెద్దాయన అని పిలిచే మనిషి. ఆయన ఫోటో మొదటి పేజీలో, అమ్మ నల్లబల్ల దగ్గర నిలబడిన ఫోటో నడిమి పేజీలో వేశారు. దాని కింద నేను రాసిన వ్యాసం. అందులో ఒక వాక్యం నాకు కంఠతా వచ్చు, చచ్చేదాకా మరచిపోను. "మా అమ్మ ఇప్పుడు ఏ కాగితాన్నయినా పూర్తిగా చదివి, అర్థం చేసుకున్న తరువాతనే సంతకం చేస్తుంది." రాసి, బాగా కుదిరిందని నాలుగుసార్లు చదువుకున్నాను.

ఆ వేసవిలోనే నాకు కర్నూలులో బి.ఎడ్. సీటు వచ్చింది. ఫీజు కట్టాలి, హాస్టలుకు కట్టాలి. చేను మూడేళ్లకు గుత్తకు, అంటే కౌలుకు ఇచ్చి, మూడేళ్ల గుత్త దుడ్లు ఒకేసారి తీసుకుందామని అమ్మ అనుకుంది. చేను పక్కనే పెద్దాయన పొలం, కాబట్టి ఆయనే ముందుకు వచ్చాడు. జొన్నరొట్టెలు మూట కట్టుకుని అమ్మ నంద్యాల హాస్టలుకు వచ్చింది. నేను వరండాలో కూర్చుని సభ పుస్తకాల కట్టలు విప్పి, ఊళ్ల పేర్లు రాసి పంచడానికి పెడుతున్నాను.

"ఆళ్లగడ్డలో గుత్త కాగితం రాపిస్తాండారు. బుధవారం రామన్నారు. నువ్వు గూడా వస్తావా మే?" అంది.

"నాకు పని ఉందమ్మా, ఈ పుస్తకాలన్నీ పంపల్ల. నీకు సంతకం వచ్చు గదా, నువ్వే పో" అన్నాను.

అమ్మ మొహం వెలిగింది. రొట్టెలు నా పక్కన పెట్టి, "అవును గదా" అనుకుంటూ పోయింది.

బుధవారం ఏం జరిగిందో అమ్మ తర్వాత నాకు పదిసార్లు చెప్పింది. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల పంచల కింద దస్తావేజులు రాసేవాళ్లు వరసగా కూర్చుంటారు. అందులో ఒకాయన అప్పటికే కాగితం రాసి ఉంచాడు. పెద్దాయన మనుషులిద్దరు సాక్షులు. రాసినాయన అలవాటు ప్రకారం వేలికి పూసే సిరా డబ్బీ మూత తీసి, కాగితం చదవడానికి గొంతు సవరించుకున్నాడు. అంతలో అమ్మ, "డబ్బీ ఎందుకప్పా, నాకు సంతకమొస్తాది" అంది. ఆయన పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన నవ్వి, "పుస్తకంలో ఫోటో గూడా పడిండాది. చదువుకున్న మనిషికి నువ్వు చదివేదేంది" అన్నాడు. సిరా డబ్బీ మూత పడింది. కాగితం అమ్మ ముందుకు వచ్చింది. అమ్మ దాన్ని చూసింది, చదువుతున్నట్టు కాసేపు చూసింది కూడా. రాదని చెప్పడానికి సిగ్గేసిందట. నాలుగక్షరాలు గుండ్రంగా పెట్టి, గుత్త దుడ్లు కొంగున కట్టుకుని వచ్చింది.

అది గుత్త కాగితం కాదు. అమ్మకం అగ్రిమెంటు. ధర మొత్తం ముట్టిందని, కొన్నవాడు అడిగినప్పుడు వచ్చి రిజిస్టరు చేయించాలని రాసి ఉంది. ఆ సంగతి మాకు మూడేళ్ల తర్వాత తెలిసింది. అప్పటికి నాకు రుద్రవరం దగ్గర ఒక పల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది, ఇంకా పక్కా కాలేదు. గుత్త గడువు తీరిందని అమ్మ బాడుగకు ఎద్దులు మాట్లాడుకుని తొలకరికి చేనికి పోయింది. పెద్దాయన జీతగాడు గట్టు మీదనే ఆపాడు. పెద్దాయన ఇంటికి పోతే, అరుగు మీద కూర్చుని కాగితం తీసి చూపించాడు.

"గుత్తేందిమే, అమ్మినావు గదా. నీ సంతకమే గదా ఇది?"

"సంతకం నాదే అయ్యా. అమ్మినానని నాకెవ్వరూ చెప్పల్యా."

"చెప్పేదేంది. చదివి పెట్టినావు. నీ బిడ్డే పుస్తకంలో రాసిండాది."

వేలు పెట్టి ఉంటే ఆయన ఆటలు సాగేవి కావు. పదిమంది తిరిగే పంచ కింద చదివి వినిపించాలి. అమ్మకం అన్న మాట ఒక్కసారి పైకి వినబడితే అమ్మ రేకులు లేచిపోయేటట్టు అరిచి ఉండేది. నేను ఆమెకు కన్ను ఇవ్వలేదు, ఉన్న చెవి కోసేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని మా వైపు సామెత. అమ్మకు చదువూ రాలేదు, ఉన్న భూమీ పోయింది.

రిజిస్టరు చేయించమని పెద్దాయనే కోర్టుకు పోయాడు. మేము నంద్యాలలో ఒక వకీలును పెట్టుకున్నాం. వాయిదాలు రెండేళ్లు నడిచాయి. జీతంలో సగం వాటికే. మా వకీలు తేల్చి చెప్పాడు. "అమ్మకు చదవను రాదని అమ్మ చెప్పాలి. పుస్తకంలో రాసింది అబద్ధమని నువ్వు చెప్పాలి. దారి అదొక్కటే."

నేను సిద్ధమే. దానికి తోడు సంతకం ఒక్కటే నేర్పి చదువే వచ్చిందని రాశామని లెక్చరరు కూడా ఒక మాట చెబితే బలం ఉంటుందని ఆయన ఇంటికి పోయాను. అప్పటికి ఆయనకు ప్రమోషను వచ్చింది. కాఫీ ఇప్పించాడు. అంతా విని, "చూడమ్మా, ఆ ప్రచారానికి మంచి పేరు వచ్చింది. ఒకరిద్దరి విషయంలో ఏదో జరిగిందని మనమే దాని మీద బురద చల్లుకోవడం బాగుండదు" అన్నాడు. ఒకరిద్దరు. ఎండలో ఊరూరా తిరగడానికి మేము యువశక్తి, దేశ భవిష్యత్తు. అంకె కోసం అమ్మ నలభైలో ఒకతె. భూమి పోయేసరికి ఒకరిద్దరు. కాఫీ తాగకుండా లేచి వచ్చాను. ఆ కాఫీ గ్లాసు ఆయన మొహాన కొట్టనందుకు ఇప్పటికీ బాధగా ఉంది.

వాంగ్మూలం రోజు ఉదయం అమ్మా నేనూ ఆళ్లగడ్డలో బస్సు ఎక్కాం. ఏం చెప్పాలో దారి పొడవునా మళ్లీ మళ్లీ చెప్పాను. "చదవను రాదు అను. అంతే. ఇంకో మాట వద్దు." అమ్మ కిటికీలోంచి చేలు చూస్తూ తలూపింది. ఒక్కసారి మాత్రం అడిగింది, "తర్వాత నిన్ను పిలుస్తారా?"

"పిలుస్తారు. నేను రాసింది అబద్ధమని చెప్తా."

"అట్ల చెప్తే నీ ఉద్యోగానికేమన్నా అయితాదా?"

"ఏమీ కాదులే" అన్నాను. ఏమవుతుందో నాకు తెలియదు. ఈ ఉద్యోగం తెచ్చిన బి.ఎడ్. సీటు కోసం ఇంటర్వ్యూలో ఆ ప్రచారం సర్టిఫికెట్టు, ఆ పుస్తకమే చూపించాను. ఎదుటి వకీలు ఆ సంగతి పైకి తీస్తాడని మా వకీలు ముందే చెప్పాడు. ఆ మాట మా ఇంట్లోనే, అమ్మ ముందరే చెప్పాడు.

బోనులో నిలబడ్డ అమ్మకు ఎదుటి వకీలు పుస్తకం విప్పి ఫోటో చూపించాడు. "ఇది నువ్వేనా?"

"నేనే."

"దీని కింద నీకు చదవను వచ్చని నీ కూతురు రాసింది. అది నిజమా, అబద్ధమా?"

అమ్మ నావైపు చూసింది. వద్దమ్మా అని తల అడ్డంగా ఊపాను. ఊపుతూనే ఉన్నాను. అమ్మ మళ్లీ ఆయన వైపు తిరిగి, "నిజమే. నా బిడ్డ నేర్పింది" అంది.

ఇంక నన్ను బోనెక్కించి లాభం లేదని మా వకీలు కాగితాలు సర్దుకున్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచి స్టీలు గ్లాసు తెచ్చుకున్నాను, ఇల్లు ఓడింది.

కోర్టు బయట, టీ బంకు దగ్గర, జనం చూస్తున్నారని కూడా లేకుండా అమ్మ మీద అరిచాను. నీకు బుద్ధి ఉందా అన్నాను. నాయన ప్రాణం పెట్టి కొన్న చేను నోటితో ధారపోశావన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, రాయడానికి సిగ్గేస్తుంది. అమ్మ బెంచీ మీద కూర్చుని నేను అలిసిపోయేదాకా ఆగింది.

"ఏందిమే అరుస్తాండావ్. చేను పోతే పోయె. కోర్టులో నిలబడి నా నోటితో నా బిడ్డను అబద్ధాలకోరును చేయమంటావా? మీ నాయన చేను కొనింది ఎవరి కోసమనుకున్నావ్?" అంది. తర్వాత, "టీ చెప్పు. ఆకలైతాంది" అంది.

ఆ టీ నేను తాగలేకపోయాను. నాకు అమ్మ మీద ఇప్పటికీ కోపమే. ఆమె అలా నన్ను కాపాడి ఉండకూడదు. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకునేదాన్ని, కూలికి పోయేదాన్ని. కోపమంతా ఆమె మీద పెట్టుకుంటే నా మీద పెట్టుకోవలసింది కాస్త తగ్గుతుందేమో, అదీ నిజం.

తీర్పు పెద్దాయన వైపే వచ్చింది. ఆ నెలలోనే గోస్పాడు వెతుక్కుంటూ పోయాను. బ్యాడ్జీ తీసి పెట్టినవాడు అక్కడ ఎరువుల కొట్టు నడుపుతున్నాడు. అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. నేను ముందే చెప్పలేదా అంటాడనుకున్నాను. అవేమీ అనలేదు. "తొందరగా ఏమన్నా చేయల్ల" అన్నాడు. నా బడిలో చదివి పైతరగతులకు పోయిన పిల్లలు, వాడి ఊరి పిల్లలు, ఒక ఎనిమిదిమంది తయారయ్యారు. ఆదివారాలు పల్లెల్లో చింతపిక్కలు మళ్లీ పోశాం. సెలవు రోజుల్లో ఇద్దరిద్దరు ఆళ్లగడ్డ రేకుల పంచల దగ్గర నిలబడి, కాగితం రాయించుకోవడానికి వచ్చినవాళ్లకు ఒకటే మాట చెప్పేవాళ్లు, "సంతకమొస్తే రానీ అన్నా, చదివి వినిపించమను. లేకుంటే మేము చదువుతాం." రాసేవాళ్లు రెండుసార్లు తరిమారు. ఒకసారి ఒక పిల్లవాడి చొక్కా చించారు. పిల్లలు మళ్లీ పోయి నిలబడ్డారు. వాళ్లకు బ్యాడ్జీ లేదు, సభ లేదు, పుస్తకం అచ్చు వేయలేదు. ఎంతమందికి చదివారో నేను లెక్క రాయలేదు, రాయనివ్వలేదు.

ఎనభైల నడుమ, నా జీతంలో మిగిలినది కొంత అమ్మ పేరున బ్యాంకులో వేద్దామనుకున్నాను. ఎప్పటికైనా అర ఎకరమైనా కొనాలని నా ఆశ. ఆళ్లగడ్డలో బ్యాంకుకు తీసుకుపోయాను. గుమాస్తా కాగితం ముందుకు తోసి, సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు. అమ్మ పెన్ను పక్కకు జరిపి బొటనవేలు చూపించింది.

"టీచరమ్మ తల్లివి, సంతకం రాదా?" అన్నాడతను.

"వస్తాది. బాగా వస్తాది. వేలే పెడతా. ముందు చదువు."

"ఇంగ్లీషులో ఉందమ్మా. చానా ఉంది."

"మాకు పనేం లేదులేప్పా. చదివి, తెలుగులో చెప్పు."

వెనక వరస పెరుగుతోంది. గుమాస్తా సిరా డబ్బీ తెచ్చి, విసుక్కుంటూ కాగితం నాకు ఇచ్చాడు. నేను నిలబడి ఒక్కో వాక్యం గట్టిగా చదివి తెలుగులో చెప్పాను. అమ్మ వేలికి సిరా పూసుకుని, ఆ వేలు గాల్లోనే ఉంచి విన్నది. వెనకాల ఉన్నవాళ్లు కూడా విన్నారు. నేను అయిపోయిందన్నాను.

"ఆ కింద సన్నగా ఉండాయే, అవేంది?" అంది అమ్మ.

అక్కడ నిజంగానే ఇంకో నాలుగు వరసలున్నాయి, చీమల్లాంటి అక్షరాల్లో. చదివాను. గడువుకు ముందే డబ్బు తీసుకుంటే ఏదో కోత పడుతుందని ఉంది. ఎంత, ఎట్లా అన్నది నాకు బోధపడలేదు. గుమాస్తాను అడిగాను. "అది అందరికీ ఉండేదే మేడం, దాన్ని ఎవరూ చదవరు" అన్నాడు.

అమ్మ నన్ను అడిగింది. "నీకు తెలుసునా?"

"తెలీదమ్మా."

"నీ దుడ్లు వేసినప్పుడు నువ్వు గూడా ఇట్లాంటి కాగితమే ఇచ్చినావా?"

"ఇచ్చినా."

"సంతకం పెట్టినావా?"

"పెట్టినా."

అమ్మ కాసేపు నన్నే చూసింది. కోపంగా చూసినా బాగుండేది. సిరా అంటిన వేలు కాగితం మీద పెట్టకుండానే తలవెంట్రుకలకు తుడుచుకుని, చెప్పులు వేసుకుంటూ అంది.

"నువ్వు గూడా వేలే పెట్టుమే. ఎవరన్నా చదివి చెప్తారు."